ఎనిమిదో తీగ నా వేగాన్ని తినేసింది: ఆరేళ్లు వాడాక

కొన్న వారానికే ఈ గిటార్ మెడకు ఒక పాత సాక్సు చుట్టాను. అందం కోసం కాదు. సన్న స్ట్రింగుల మీద సోలో మొదలుపెట్టగానే, నేను ముట్టుకోని లావు స్ట్రింగులు రెండూ వాటంతటవే గుయ్యిమని మోగేవి. డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి ఉంటే ఆ మోత సోలోని మింగేసేది. ఆరేళ్లయింది. గిటార్ నా దగ్గరే ఉంది, రోజూ వాయిస్తున్నాను. ఎనిమిది స్ట్రింగుల గిటార్ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. నాకు వచ్చిన ఇబ్బందుల్లో కొన్ని ఈ ఒక్క పీసులోనివే అయ్యుండొచ్చు.

ముందు వస్తువు గురించి రెండు ముక్కలు. స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా స్ట్రింగు మోగే పొడవు) 27 అంగుళాలు, 24 ఫ్రెట్లు (మెడ మీది అడ్డ కమ్మీలు), కదలని బ్రిడ్జ్, రెండు హంబకర్ పికప్‌లు. ట్యూనింగ్ అందరూ వాడేదే: లావు వైపు నుంచి ఎఫ్ షార్ప్, బి, ఇ, ఎ, డి, జి, బి, ఇ. నట్ (మెడ పైకొసన స్ట్రింగులు ఆనే గాళ్ల ముక్క) దగ్గర మెడ వెడల్పు 55 మిల్లీమీటర్లు. మామూలు ఆరు స్ట్రింగుల ఎలక్ట్రిక్ గిటార్‌కు అది 43 దగ్గర ఉంటుంది. మొదటిసారి సెటప్‌కు తీసుకెళ్తే రిపేరు చేసే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమయ్యా, ఇది గిటారా, నిచ్చెనా?" అన్నాడు.

నేను ఎందుకు కొన్నానో చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే జరిగింది. యింగ్వే మాల్మ్‌స్టీన్, పాల్ గిల్బర్ట్, జేసన్ బెకర్ లాంటి మెరుపు వేగపు గిటారిస్టులను వింటూ, వాళ్ల రన్నులు (వేగంగా పరుగెత్తే స్వర వరసలు) నెమ్మదిగా ముక్కలు చేసుకుంటూ ఆరు స్ట్రింగుల మీద పదేళ్లు సాధన చేసినవాణ్ణి. తర్వాత యానిమల్స్ యాజ్ లీడర్స్ బ్యాండులో టోసిన్ అబాసి ఎనిమిది స్ట్రింగుల మీద వాయించడం చూసి మతిపోయింది. ఆరింటి మీదే ఇంత పరుగెత్తగలిగితే ఎనిమిదింటి మీద ఇంకెంత పరుగెత్తొచ్చో అనుకున్నాను. పొలం పెరిగితే పంట పెరుగుతుందన్న లెక్క. దున్నేది ఆ రెండు చేతులే కదా అన్నది తట్టలేదు.

ఈ వాద్యాల చరిత్ర కొంచెం తిరగేసినా నాకు ముందే అర్థమయ్యేది. 1990లో ఐబనీజ్ యూనివర్స్‌తో ఏడు స్ట్రింగుల గిటార్‌ను రాక్ లోకానికి చూపించింది స్టీవ్ వై, అంటే సోలోల మనిషి. కానీ దాన్ని ఊరూరా పాకించింది మాత్రం 1994లో తొలి ఆల్బమ్ తెచ్చిన కోర్న్ బ్యాండు. వాళ్ల పాటల్లో సోలోలు దాదాపు ఉండవు, అంతా రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర ముక్క). ఎనిమిదో స్ట్రింగు కథా అంతే. దాన్ని మెటల్‌లో స్థిరపరచిన మెషుగా బ్యాండు బలం, దాని గిటారిస్టులు ఫ్రెడ్రిక్ థోర్డెన్‌డాల్, మార్టెన్ హాగ్‌స్ట్రామ్ ఇద్దరూ కలిసి ఒక్క స్ట్రింగు మీద కొట్టే కొట్టుడులో ఉంది. 2007లో ఐబనీజ్ ఆర్‌జీ2228 తెచ్చాక మామూలు వాళ్లకూ అలాంటి గిటార్ అందుబాటులోకి వచ్చింది. అదనంగా వచ్చిన లావు స్ట్రింగు ప్రతిసారీ పరుగుకు కాక దెబ్బకే పనికొచ్చింది. నేను మాత్రం పరుగు కోసం కొన్నాను.

ఇక అంకెలు. ఆరు స్ట్రింగుల మీద మెట్రోనోమ్ 180 దగ్గర (నిమిషానికి 180 బీట్లు) బీటుకు నాలుగు స్వరాలు, అంటే సెకనుకు 12, శుభ్రంగా ఆల్టర్నేట్ పికింగ్ (పిక్‌తో ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటడం) చేసేవాణ్ణి. ఎనిమిది మీద మొదటి నెల అది 140కి పడిపోయింది. వేళ్లు మొద్దుబారాయేమో అనుకున్నాను. వేళ్ల తప్పు కాదు. పాత గిటార్‌లో నా అరచెయ్యి బ్రిడ్జ్ మీద ఒకే చోట ఆనేది, అక్కణ్నుంచి మణికట్టు తిప్పితే ఆరు స్ట్రింగులూ అందేవి. ఇక్కడ అందవు. లావు స్ట్రింగు నుంచి సన్న స్ట్రింగుకు వెళ్లాలంటే చెయ్యి మొత్తం మోచేతి నుంచి జరగాలి. అలా జరుగుతున్నప్పుడు వెనక వదిలేసిన స్ట్రింగులను ఎవరు పట్టుకుంటారు? ఎవరూ పట్టుకోరు. అవి మోగుతాయి. సాక్సు అవసరం అక్కడ పడింది.

నిజానికి ఈ ఆరేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఈ మోతను ఆపడమే. ఇప్పుడు సన్న స్ట్రింగుల మీద వాయించేటప్పుడు కుడి అరచేతి అంచు లావు స్ట్రింగుల మీద పడుకుని ఉంటుంది. చెయ్యి కిందికి జరిగే కొద్దీ బొటనవేలి మొదట్లో ఉండే కండ ఆ పని అందుకుంటుంది. ఎడమ చూపుడువేలి కొస పక్కనున్న లావు స్ట్రింగును తాకుతూ ఉంటుంది, అదే వేలి అడుగు భాగం సన్న స్ట్రింగులను కప్పుతుంది. చెప్పడానికి నాలుగు వాక్యాలు పట్టింది, చేతికి ఎక్కడానికి ఏడాదిన్నర పట్టింది. సాధన కూడా విచిత్రంగా ఉండేది: గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) బాగా పెంచి, చిన్న మోతలను కోసేసే నాయిస్ గేట్ తీసేసి, ఒక స్వరం వాయించి, ఆపి, నిశ్శబ్దం వినడం. స్వరం ఆగాక ఏదైనా గుయ్యిమంటే మళ్లీ మొదటికి. ఇంట్లో వాళ్లకు ఇది సాధనలా కనిపించలేదని వేరే చెప్పక్కర్లేదు.

రెండు చేతులతో ట్యాపింగ్ (మీటకుండా వేళ్లతో ఫ్రెట్ల మీద కొట్టి మోగించడం) చేసేటప్పుడు మాత్రం నట్ దగ్గర మెత్తటి పట్టీ చుట్టుకోవడంలో తప్పేమీ లేదు. కుడి చెయ్యి కూడా ఫ్రెట్ల మీదకు వచ్చేస్తే ఖాళీ స్ట్రింగులను ఆపే చెయ్యి మిగలదు. అది మోసమని వాదించే వాళ్లను ఎనిమిది స్ట్రింగుల మీద ఒక్కసారి ట్యాప్ చేసి చూడమనండి.

లావు స్ట్రింగుకు ఇంకో గుణం ఉంది. గట్టిగా కొడితే శ్రుతి ఒక్క క్షణం పైకెక్కి తర్వాత దిగుతుంది. మెటల్ వాయించే వాళ్లకు గట్టిగా కొట్టడం అలవాటు, నాకూ అంతే. మొదట్లో చేసిన రికార్డింగులు వింటే ప్రతి దెబ్బకూ శ్రుతి జారినట్టుంది. ట్యూనర్‌ను తిట్టుకున్నాను, చివరికి తిట్టాల్సింది నా కుడిచేతిని అని తేలింది. తేలిగ్గా మీటి, బలాన్ని ఆంప్‌కు వదిలెయ్యాలి. పికింగ్‌లో నా వేగం తిరిగి వచ్చింది ఈ తేలికతనం వల్లే. ఇప్పుడు సన్న స్ట్రింగుల మీద 170 దాకా వెళ్తాను. పాత 180 ఈ గిటార్ మీద ఎప్పటికీ రాదు, దాని కోసం ఏడవడం మానేశాను. విచిత్రమేమిటంటే ఆరు స్ట్రింగుల గిటార్ తీస్తే మునుపటికన్నా శుభ్రంగా వాయిస్తున్నాను.

ఎడమచేతి సంగతి. 27 అంగుళాల స్కేల్‌లో మొదటి ఫ్రెట్ నుంచి అయిదో ఫ్రెట్‌కు దూరం, మామూలు 25.5 అంగుళాల గిటార్ కంటే 7 మిల్లీమీటర్లు ఎక్కువ. కాగితం మీద అది ఏమంత కాదు. చిటికెన వేలిని అడిగితే తెలుస్తుంది. పైగా మెడ వెడల్పు కాబట్టి బొటనవేలు పైకి వేలాడేసి పట్టుకునే రాక్ పద్ధతి కుదరదు, మెడ వెనక మధ్యలో ఆనించాలి. గిటార్‌ను నడుం కిందకి వేలాడదీసి వాయించే షోకు ఉన్నవాణ్ణి, మూడు నెలలకు మణికట్టు నొప్పి పట్టుకుంది. భుజం పట్టీని నాలుగు అంగుళాలు బిగించి గిటార్‌ను ఛాతీ దగ్గరికి తెచ్చాక తగ్గింది. చూడ్డానికి స్టైల్‌గా ఉండదు. ఉండకపోతే పోనీ.

వచ్చినప్పటి సెటప్ అయితే సిగ్గుచేటు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లావు స్ట్రింగు మందం 65 (అంగుళంలో వెయ్యో వంతుల్లో). రబ్బరు బ్యాండులా ఊగేది. 74 వేశాను, బాగుపడింది. 80 వేశాను, బిగువు వచ్చింది కానీ గొంతు మందగించింది. లావు పెరిగే కొద్దీ స్ట్రింగు గట్టిపడి పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) చచ్చుబడతాయి, బిగువూ మెరుపూ రెండూ ఒకేసారి దొరకవు. 80 వేసినప్పుడు ఇంకో గొడవ. నట్‌లో గాడి ఇరుకు, స్ట్రింగు అందులో ఇరుక్కుని ట్యూన్ చేస్తుంటే 'టింగ్' మంటూ గెంతేది. పెద్దాయన ఆకురాయితో గాడి వెడల్పు చేశాడు. ఇంటోనేషన్ (మెడ పొడుగునా శ్రుతి సరిగ్గా ఉండడం) కోసం ఆ స్ట్రింగు శాడిల్‌ను, అంటే బ్రిడ్జ్ మీద అది ఆనే ముక్కను, వెనక్కి జరుపుతూ పోతే స్క్రూ మీదున్న స్ప్రింగు అడ్డొచ్చింది. స్ప్రింగు తీసేస్తే కానీ 12వ ఫ్రెట్‌లో శ్రుతి కలవలేదు. మరోపక్క అతి సన్న స్ట్రింగుది దీనికి తలకిందుల సమస్య: అదే స్ట్రింగు 25.5 నుంచి 27కు వెళ్తే బిగువు దాదాపు 12 శాతం పెరుగుతుంది. బెండ్ చేస్తుంటే (స్ట్రింగును పక్కకు లాగి శ్రుతి పెంచుతుంటే) వేలు కోసుకుపోతున్నట్టుండేది. 10 తీసేసి 9 వేసుకున్నాక ప్రాణం కుదుటపడింది.

ఈ గోల అంతా చూశాకే వాలు ఫ్రెట్ల గిటార్లు ఎందుకు వచ్చాయో బుర్రకెక్కింది. లావు స్ట్రింగుకు పొడవు స్కేల్, సన్న స్ట్రింగుకు పొట్టి స్కేల్, మధ్యలో ఫ్రెట్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. రాల్ఫ్ నొవాక్ 1989లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. స్నేహితుడి దగ్గర అలాంటిది కొన్నాళ్లు వాయించాను. చూసినంత భయంగా ఉండదు, అరగంటలో చెయ్యి అలవాటు పడుతుంది. ఎనిమిది స్ట్రింగులు తీసుకునే వాళ్లు తిన్నగా ఉన్న ఫ్రెట్ల కంటే దాన్నే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ధ్వని విషయానికొస్తే, బ్యాండులో మొదటి రిహార్సల్ నాడు మా బేస్ కుర్రాడు పది నిమిషాలు విని బేస్ కింద పెట్టేశాడు. "అన్నా, మరి నేనేం వాయించాలి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా ఎఫ్ షార్ప్ 46.25 హెర్ట్జ్, వాడి ఇ 41.2. ఇద్దరం ఒకే గదిలో ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నాం. అసలు మామూలు గిటార్ స్పీకర్ 70, 80 హెర్ట్జ్ కింద ఏమీ సరిగ్గా పలకదు. మనం ఆ స్ట్రింగులో వినేది ఎక్కువగా 92 దగ్గరున్న రెండో హార్మోనిక్, ఆ పై వాటినే. ఈ సంగతి తెలిశాక బేస్ నాబ్ పెంచడం మానేశాను. ఆంప్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్. అది కింది బురదను ఆంప్‌లోకి పోకముందే కోసేస్తుంది. గెయిన్ ఆరు స్ట్రింగులకు పెట్టే దానిలో మూడొంతుల్లో రెండొంతులు చాలు. గిటార్ ఒంటరిగా వింటే పలచగా ఉంటుంది, బేస్ కలిస్తే గోడలా నిలబడుతుంది. ఆ రోజు నుంచి బేస్ కుర్రాడు, నేను ఒకే రిఫ్‌ను ఒకే ఆక్టేవ్‌లో కలిసి కొడుతున్నాం, వాడు అడుగు, నేను అంచు.

ఆ లావు స్ట్రింగు మీద పవర్ కార్డులు (ఒక స్వరం, దాని అయిదో స్వరం కలిపి కొట్టేవి) పెట్టకండి, ముద్దైపోతుంది. ఒక్కో స్వరంగా కొట్టాలి, లేదా ఆక్టేవ్ వెయ్యాలి. స్వీప్ ఆర్పెజియోలు (ఒకే ఊపులో స్ట్రింగు తర్వాత స్ట్రింగు మీటే కార్డు స్వరాలు) ఎనిమిది స్ట్రింగుల మీదుగా లాగడం వీడియోలో బాగుంటుంది, వినడానికి కింది సగం గొణుగుడే. నేను సన్న స్ట్రింగులు అయిదింటితో ఆపుతాను.

అయితే ఈ గిటార్ నాకు ఇచ్చింది కూడా తక్కువేమీ కాదు, నేను అడిగింది ఇవ్వలేదంతే. డిస్టార్షన్ తీసేసి క్లీన్ టోన్‌లో లావు స్ట్రింగు మీద ఒక స్వరం, రెండు ఆక్టేవ్‌ల పైన మూడు స్వరాలు దూరదూరంగా పెడితే పియానో మీద రెండు చేతులు చాచినట్టుంటుంది. ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో పైన ట్యాపింగ్ చేస్తుంటే ఒక్కణ్నే ఇద్దరిలా వినబడతాను. 1970లలో ఎమెట్ చాప్‌మన్ తన స్టిక్ అనే తీగవాద్యాన్ని అచ్చంగా ఇలా ట్యాప్ చేయడానికే తయారు చేశాడు. ఎనిమిది స్ట్రింగుల గిటార్ ఆ దారిలో సగం దూరం తీసుకెళ్తుంది. అబాసి చేసే 'థంప్', బేస్ వాళ్ల స్లాప్‌లా బొటనవేలితో కిందికీ పైకీ కొట్టేది, నాకు నాలుగో ఏట కాస్త పట్టుబడింది. పిక్ వదిలేసి ఆ స్ట్రింగును బొటనవేలితో కొట్టిన రోజున దానికి అదే సరైన దెబ్బ అనిపించింది.

మిగతావి క్లుప్తంగా. బరువు ఎక్కువ, మెడ వైపు వాలుతుంది, వెడల్పాటి గరుకు పట్టీ తప్పనిసరి. రెండో ఏట పికప్ సెలెక్టర్ స్విచ్ పోయింది, మార్పించాను. ఫ్రెట్లు అరిగింది తక్కువే. మామూలు గిటార్ సంచిలో హెడ్‌స్టాక్ పట్టక జిప్పు పడదు, సంచి కూడా కొత్తది కొనాలి. తొమ్మిది స్ట్రింగులది కూడా ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. కింద సి షార్ప్, 34.65 హెర్ట్జ్, బేస్ గిటార్ ఇ కంటే కిందకి. అయిదు నిమిషాలకు తిరిగిచ్చేశాను.

అమ్ముతావా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అమ్మను. ఇందులో పుట్టిన రిఫ్‌లు వేరే గిటార్ మీద పలకవు. అయితే సోలో ఉన్న పాటలకు ఆరు స్ట్రింగులదే తీస్తున్నాను, మళ్లీ మొదటి నుంచి కొనాల్సి వస్తే ఏడు దగ్గర ఆగిపోయేవాణ్ణి. ప్రస్తుతానికి 80 తీసేసి మళ్లీ 74 వేశాను. బిగువు చాలడం లేదు, గొంతు మాత్రం బాగుంది.