హనుమకొండలో స్కూల్ బ్యాండ్ కోచింగ్: 33 మందికి బాగుంది, స్టాండ్‌బై పిల్లలకు సగమే

రేటింగ్ ముందే చెప్పేస్తే: వాయిద్యం నేర్పడానికి 5కి 4.5. డ్రిల్లుకు 4. స్టాండ్‌బై పిల్లల్ని, అంటే ఎవరైనా రాకపోతే బదులు దిగేవాళ్లని, చూసుకునే తీరుకు 2, అది కూడా మాస్టర్ మొహం చూసి.

సుబేదారి వైపు నడిచే ఈ సెంటర్ స్కూళ్లతో మాట్లాడుకుని పిల్లలకు బ్రాస్ బ్యాండ్ నేర్పుతుంది, పోటీలకు తయారు చేస్తుంది. పేరు రాయడం లేదు. కింద చెప్పే లోపాలు బ్యాండ్ నేర్పే చాలా చోట్ల ఉన్నవే. ఒక్కరి పేరు రాస్తే తిట్లన్నీ వాళ్లకే పడి మిగతావాళ్లు హాయిగా ఉంటారు.

ఇక్కడ ఒక స్కూలు నుంచి 40 మందిని తీసుకుంటారు. పోటీలో దిగేది 33 మంది. రిపబ్లిక్ డే వేడుకల్లో భాగంగా విద్యా, రక్షణ మంత్రిత్వ శాఖలు కలిసి నడిపే జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీలో టీముకు 25 మంది తగ్గకూడదు, బ్యాండ్ లీడర్‌తో కలిపి 33 దాటకూడదు. బాలురకు, బాలికలకు వేర్వేరుగా బ్రాస్ (ఇత్తడి వాయిద్యాలు), పైప్ (బ్యాగ్‌పైపులు) విభాగాలు ఉంటాయి. రాష్ట్రం, ఆ తర్వాత జోన్, ఆ తర్వాత ఢిల్లీ. ప్రతి ఏటా సర్క్యులర్ మళ్లీ చదువుకోవాలి గానీ మన లెక్కకు ముఖ్యమైంది ఆ 33. మిగిలిన ఏడుగురు స్టాండ్‌బై.

ఆ ఏడుగురూ ఊరికే ఉంటారనుకుంటే బ్యాండ్ సంగతి తెలియనట్టే. పని మొదలయ్యేది ఎండాకాలం సెలవుల్లో, తేలేది జనవరిలో. మధ్యలో వానలు, వానలతో పాటు డెంగీ, వైరల్ జ్వరాలు. బతుకమ్మ, దసరాకు ఊళ్లకు పోయి సెలవులు అయిపోయినా తిరిగి రాని వాళ్లు ఉంటారు. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడ్డాక పదో తరగతి పిల్లల్ని గ్రౌండుకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. ట్రంపెట్ ఊదే అమ్మాయికి పళ్లకు క్లిప్పులు వేయించారంటే పెదవి లోపల గీసుకుపోయి కొన్ని వారాలు మౌత్‌పీస్ ఆనించలేదు. జూన్‌లో నిలబడ్డ 33 మందే జనవరిలోనూ నిలబడడం అరుదు.

ముందు మంచి సంగతులు. మాస్టర్ మిలిటరీ బ్యాండ్‌లో చేసి రిటైరైన మనిషి, వాయిద్యం అంటే ప్రాణం. 14 అంగుళాల సైడ్ డ్రమ్ముకు హెడ్, అంటే పైన కప్పే పొర, బిగించడం పిల్లల చేతనే చేయిస్తారు. కీతో ఒక బోల్టు పావు చుట్టు తిప్పాక పక్క దాని మీదికి పోనివ్వరు, ఎదురు బోల్టుకు పోవాలి. పక్కపక్కనే బిగించుకుంటూ పోతే రిమ్ము ఒక వైపుకు లాగి, ఒక అంచున టక్కుమని, ఇంకో అంచున డబ్బుమని మోగుతుంది. కింది హెడ్ పలచనిది, దాని మీద వేలు పెట్టి నొక్కనివ్వరు. ప్రాక్టీసు అయిపోగానే కింది హెడ్‌కు ఆనుకుని ఉండే స్నేర్ తీగల లివర్ వదులు చేసి గానీ డ్రమ్మును అలమరాలో పెట్టనివ్వరు. వానాకాలం తోలు హెడ్లు చెమ్మకు సాగి గొంతు పడిపోతాయి కాబట్టి అన్నిటికీ ప్లాస్టిక్ హెడ్లే వేయించారు.

డ్రిల్లూ అంతే. మిలిటరీ క్విక్ మార్చ్‌లో అడుగు 30 అంగుళాలు, నిమిషానికి 120. ఏడో తరగతి పిల్లలకు ఆ అడుగు సాగదు. అందుకే ఇక్కడ 24 అంగుళాలకు తగ్గించి, 8 అడుగులకు ఒక సున్నం గీత, అంటే 16 ఫీట్లకు ఒకటి వేయిస్తారు. గీత మీద ఎడమ కాలు పడకపోతే ఎవరు తప్పారో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంత పద్ధతిగా నేర్పే చోట మిగిలిన ఏడుగురిని చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది.

స్టాండ్‌బై డ్రమ్మర్లకు ఇక్కడ ఇచ్చేది రబ్బరు ప్యాడ్, రెండు పుల్లలు. గోడ పక్కన స్టూలు మీద ప్యాడ్ పెట్టుకుని కొట్టాలి. చేతికి వేగం రావడానికి ప్యాడ్ మంచిదే, కాదనేది లేదు. కానీ పరేడులో సైడ్ డ్రమ్ము పట్టీతో భుజానికి వేలాడుతుంది, ఎడమ తొడ మీద ఆని కుడి వైపుకు వాలి ఉంటుంది, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలికి తగిలి ఊగుతుంది. ఎడమ చేత్తో పుల్లను అరచేయి పైకి తిప్పి పట్టే పాత పద్ధతి పుట్టింది ఆ వాలు కోసమే. చదునైన ప్యాడ్ మీద రెండు చేతులూ ఒకేలా పట్టి నేర్చుకున్న పిల్లాడికి హఠాత్తుగా పట్టీ తగిలిస్తే ఎడమ పుల్ల రిమ్ముకు కొట్టుకుంటుంది, రోల్ (తెంపు లేకుండా గబగబా కొట్టే వరస) ముక్కలవుతుంది. అప్పుడు "వీడికి రాదు, అందుకే స్టాండ్‌బై" అంటారు. వాడి చేతికి డ్రమ్మే ఇవ్వకుండా వాడికి రాదనడం ఏ న్యాయమో!

సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు గంటల ప్రాక్టీసులో చివరి అరగంట అసలు వాళ్లు పక్కన కూర్చోవాలి, వాళ్ల డ్రమ్ములు స్టాండ్‌బై వాళ్లు తగిలించుకుని నడుస్తూ కొట్టాలి. ప్యాడ్ మీద నేర్పేటప్పుడు కూడా ఎడమ వైపు కింద ఒక చెక్క ముక్క పెట్టి వాలుగా ఉంచితే పట్టు మొదటి నుంచే కుదురుతుంది.

బేస్ డ్రమ్ము సంగతి ఇంకా సున్నితం. ఎనిమిది సైడ్ డ్రమ్ముల్లో ఒకటి తగ్గితే చెవికి తెలియదు, వరుసలో ఖాళీ మాత్రమే కంటికి కనపడుతుంది. బేస్ డ్రమ్ము ఉండేది ఒక్కటే. బ్యాండు మొత్తం ఎడమ కాలు వేసేది దాని దెబ్బను బట్టి. అది తడబడితే 33 మందీ తడబడతారు. దానికి స్టాండ్‌బైగా తాళం తెలిసిన పిల్లాడు ఉంటే చాలదు, ఎత్తు, భుజబలం కూడా కుదరాలి. డ్రమ్ము అంచు గడ్డానికి తగిలే పొట్టి పిల్లాడు ముందు ఏముందో చూడలేడు. ఈ సెంటర్‌లో బేస్ డ్రమ్ముకు స్టాండ్‌బై అని విడిగా ఎవరూ లేరు. "ఎవరో ఒకరు ఎత్తుకుంటారులే" అన్న ధోరణి. సింబల్స్‌కూ (ఇత్తడి తాళాలకూ) అంతే. ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతికర్రతో (మేస్‌తో) చేసే సైగలు కూడా ఇంకొక్కరికైనా పూర్తిగా వచ్చి ఉండాలి. పోటీ రోజు పొద్దున ఆ ఒక్కరికి జ్వరం వస్తే బ్యాండు ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు.

ఊదే వాయిద్యాల దగ్గర చిక్కు ఇంకొకటి. ఒక ట్రంపెట్‌కు ఇద్దరు: అసలు, స్టాండ్‌బై. వాయిద్యం ఇంటికి తీసుకుపోయేది అసలు పిల్లాడే. రెండో వాడు ఎప్పుడు ఊదాలి? పెదవుల కండరం రోజూ ఇరవై నిమిషాలైనా ఊదితేనే నిలుస్తుంది, వారానికి రెండుసార్లు ఊదితే పై స్వరాలు అందవు. వారంలో మూడు రాత్రులు వాయిద్యం స్టాండ్‌బై ఇంట్లో ఉండాలని రాసిపెట్టుకుంటే సరిపోతుంది. మౌత్‌పీస్ మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. ఇక్కడ ఇద్దరికీ ఒకటే ఇచ్చి చొక్కా అంచుతో తుడిపిస్తున్నారు. జ్వరాల కాలంలో ఇది సొంతంగా ఖాళీలు తెచ్చిపెట్టుకోవడమే. గోరువెచ్చని సబ్బు నీళ్లు, చిన్న బ్రష్ ఉంటే శుభ్రం చేయడం రెండు నిమిషాల పని.

డ్రిల్లులో ఎవరి స్థానం ఏదో మాస్టర్ తలలో ఉంది, కాగితం మీద లేదు. అమెరికాలో డ్రమ్ కోర్ అని ఉంది, ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పేవాళ్లు కలిసి ఫుట్‌బాల్ మైదానంలో నడుస్తూ వాయించే పోటీ బృందాలు. 1972 నుంచి వాళ్లకు చాంపియన్‌షిప్ నడుస్తోంది. అక్కడ 5 గజాల దూరాన్ని 8 అడుగులు వేసి నడవడం లెక్క. షోలో ఆగే ప్రతి చోటూ ఏ గీతకు ఎన్ని అడుగుల దూరమో చిన్న పుస్తకంలో రాసుకుని మెడకో నడుముకో తగిలించుకుంటారు. ఖాళీ వస్తే బయట ఉన్న మనిషి ఆ పుస్తకం పట్టుకుని స్థానం నేర్చుకుంటాడు. అక్కడంతా న్యాయమే అని కాదు. ఫీజు కట్టుకుని, ఎండాకాలమంతా బస్సుల్లో తిరిగి, ఖాళీ రాక పక్కనే నిలబడి తిరిగొచ్చే వాళ్ల బాధ అక్కడా ఉన్నదే. కానీ ఆ పుస్తకం ఆలోచన మనకు పది రూపాయల నోట్‌బుక్కుతో అయిపోతుంది: వరుస, గీత, అడుగుల లెక్క, పాటలో ఏ బార్ (తాళం ఆవర్తం) దగ్గర తిరగాలి. ప్రతి స్టాండ్‌బైకి రెండు స్థానాలు, ఎక్కువలో ఎక్కువ మూడు. ఒకరికే ఎనిమిది స్థానాలు అప్పజెప్తే ఒక్కటీ రాదు. స్థానం ఇచ్చేటప్పుడు ఎత్తు కూడా చూడాలి. పొట్టి పిల్లాడి బదులు పొడుగు పిల్లాడు వస్తే అడుగు పెరిగి ఆ ఫైలు (ఒకరి వెనక ఒకరు నిలబడే వరుస) మొత్తం డ్రెస్సింగ్, అంటే వరుస తీరు, చెడుతుంది.

అసలైన గొడవ వచ్చేది మార్పు దగ్గర. క్లారినెట్ పిల్లాడికి జ్వరం, మూడు వారాలు రాలేదు. స్టాండ్‌బై పిల్ల ఆ స్థానం నేర్చుకుంది, వరుసలో కుదిరింది. పోటీకి వారం ముందు మొదటి పిల్లాడు తిరిగొచ్చాడు. ఎవరు నిలబడాలి? ఇక్కడ ఏ నియమమూ లేదు. ఎవరి నాన్న ముందు ఫోన్ చేస్తే వాళ్ల మాట. ఆ పిల్లకు ఒక్క మాట కూడా చెప్పకుండా మళ్లీ గోడ పక్కకు పంపేస్తారు. ఇక స్కూలు కమిటీ నుంచి వచ్చే సిఫారసుల గురించి వేరే చెప్పాలా!

నియమం జూన్‌లోనే రాసి తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. పోటీకి 15 రోజుల ముందు ఎవరు వరుసలో ఉంటే వాళ్లే ఖాయం అనేది మా మట్టుకు సరైన గడువు. ఆ తర్వాత మారితే జబ్బో దెబ్బో కారణం కావాలి తప్ప "కొంచెం బాగా వాయిస్తున్నాడు" అనేది చెల్లకూడదు. ఆ చివరి రోజుల్లో కొంచెం బాగా వాయించే మనిషి కంటే పక్కవాడి అడుగు తెలిసిన మనిషి ఎక్కువ ఉపయోగం. గడువు కంటే ముందైతే నెలకోసారి ఎంపిక మళ్లీ పెట్టాలి. తెర వెనక నిలబెట్టి వాయించమంటే ఎవరి పిల్లాడో వినేవాళ్లకు తెలియదు, సిఫారసులూ తగ్గుతాయి.

ఫీజు అందరికీ ఒకటే, నెలకు 1,200. ఆ మాటకు అభ్యంతరం లేదు, నేర్పేది కూడా ఒకటే అయితే. డ్రమ్ము పట్టని పిల్లాడి దగ్గర డ్రమ్ము అద్దె కలిపి తీసుకోవడం మాత్రం దబాయింపే. యూనిఫామ్ స్టాండ్‌బైలకు కుట్టించరు. పోటీ రోజు ఖాళీ వస్తే ఇంకొకరి కోటు తొడుగుతారు, చేతులు పొడుగై మణికట్టు మీదికి జారి పుల్లకు అడ్డం పడతాయి. ఏడు కోట్లు విడిగా అక్కర్లేదు. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో మూడు కుట్టించి, చేతుల దగ్గర, ప్యాంటు కింద రెండేసి అంగుళాలు మడతలో వదలమంటే టైలర్ ఇట్టే చేసిస్తాడు. బూట్లు మాత్రం ఎవరివి వాళ్లకు ఉండాల్సిందే.

ఢిల్లీ దాకా పోయే అదృష్టం పడితే కాజీపేట నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు. అప్పటికి ఎవరు పోతారో తేలదు. ఇక్కడ చాలా స్కూళ్లకు తెలియని సంగతి ఒకటి: గుర్తింపు ఉన్న విద్యాసంస్థ పిల్లల టికెట్లయితే, ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా అడిగితే, రైలు బయల్దేరడానికి 48 గంటల ముందు వరకు పేరు మార్పించుకోవచ్చు. కాబట్టి "నీ పేరు మీద టికెట్ లేదు" అనే సాకు నిలవదు. ఇద్దరు ముగ్గురు స్టాండ్‌బైలనైనా వెంట తీసుకుపోవాలి, వాళ్ల ఖర్చు మొత్తం టీము ఖర్చులోనే వేయాలి. వాళ్ల చేత డబ్బాలు మోయించడం, నీళ్లు పట్టించడం కాదు. మోత అయితే అందరికీ వంతు.

పోటీ ఒక్కటే వేదిక కాదు కదా. జూన్ 2, ఆగస్టు 15, స్కూలు స్పోర్ట్స్ డే, వార్షికోత్సవం: వీటికి 33 లెక్క లేదు, 40 మందీ వాయించవచ్చు. ఈ సెంటర్ మాత్రం "టీము పేరు పోతుంది" అని అక్కడా 33 మందినే దింపుతుంది. జనగామ, కొమురవెల్లి వైపు ఒగ్గు డోలు బృందాలను చూడండి. నేర్చుకునే పోరగాళ్లను పక్క వరుసలో నిలబెట్టి నలుగురి ముందే కొట్టిస్తారు. తప్పు కొడితే పక్కోడు కళ్లతోనే చెప్తాడు. జనం ముందు చేయి వణకడం గోడ పక్కన కూర్చుంటే పోదు. సర్టిఫికెట్ సంగతికొస్తే, పోటీ వాళ్లిచ్చేది 33 మందికే సరే, స్కూలు ఇచ్చేది 40 మందికీ ఇవ్వాలి, మీద వాయిద్యం పేరు రాసి. "పాల్గొన్నాడు" అని మాత్రం రాసిస్తే ఏ పిల్లాడూ దాన్ని అటక మీది నుంచి దించడు.

ఇన్ని చెప్పాక కూడా వాయిద్యం నేర్చుకోవడానికి ఈ సెంటర్‌కు పంపమనే చెప్తాం. మాస్టర్‌ను విడిగా అడిగితే వినే మనిషి. స్టాండ్‌బై పిల్లలకు చివరి అరగంట డ్రమ్ములిమ్మంటే ఇస్తారు కూడా. పేచీ అంతా ఆఫీసులో కూర్చునే మేనేజర్‌తో. స్కూలు తరఫున ఒప్పందం రాసుకునే వాళ్లు అడ్వాన్స్ కట్టే ముందే మార్పు నియమం, వాయిద్యం ఇంటికిచ్చే రోజులు, స్టాండ్‌బైలకు కుట్టించే మూడు యూనిఫామ్‌ల ఖర్చు కాగితం మీద పెట్టించుకోండి. కట్టాక అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు.

వేసవి బ్యాచ్‌కు ఏప్రిల్‌లో పేర్లు రాసుకుంటారు. టైం పొద్దున 6 నుంచి 8, మేలో ఎండ ముదిరితే 7:30కే వదిలేస్తారు. గ్రౌండులో మంచినీళ్లు లేవు, లీటరున్నర బాటిల్, టోపీ ఇంటి నుంచే పంపాలి. అద్దె డ్రమ్ము తీసుకునేటప్పుడు కింది హెడ్, స్నేర్ లివర్ చూసి రసీదు మీద రాయించుకోండి, లేదంటే పాత చిరుగు కూడా మీ లెక్కలోకే వస్తుంది.