పరంగిమలై కింద టీ గ్లాసులో తెల్లరాయి

ఒంగోలులో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగాను. ఈసారి గుడి కోసమో చీరల కోసమో కాదు, పెద్ద ఉసిరికాయంత తెల్లరాయి కోసం. అక్కడ భూగర్భశాస్త్రం చదువుతున్న మా మేనల్లుడికి పాత ప్రయోగశాల సామానులో దొరికింది. చీటీ చిరిగిపోయి "క్రయో" అన్న అక్షరాలే మిగిలాయి. "క్రయొలైట్ అయితే అదృష్టమే అత్తయ్యా, ఒకసారి రండి" అన్నాడు. క్రయొలైట్ అంటే ఫ్లోరిన్ ఉన్న అరుదైన ఖనిజం.

ఫ్లోరైడ్ మా పొదిలి వైపు పాఠ్యపుస్తకంలోని మాట మాత్రమే కాదు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు చెడే ఫ్లోరోసిస్‌ను 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. పొదిలి ఆనాడు ఆ జిల్లాలోదే. రాళ్లలోని ఫ్లోరైట్ వంటి ఖనిజాలు కొద్దికొద్దిగా కరిగి బావుల్లోకి చేరతాయి. ఆ నీళ్లు తాగి నడుములు వంగినవారి పిల్లలకే నేను రసాయనశాస్త్రం చెప్పాను. ఆ ఫ్లోరైడ్‌ను రాయి రూపంలో చేత్తో పట్టుకోవాలని ఎన్నేళ్లుగానో కోరిక.

సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దాటితే ఎగ్మోర్. కెన్నెట్ లేన్‌లో ఒక లాడ్జి తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే, కానీ వెలుతురు బొత్తిగా లేదు. చదువుకునేవారికి, రాళ్లు చూసేవారికి ఆ గది పనికిరాదు. కిటికీ ఉన్న గది అడిగి తీసుకోండి, వంద రూపాయలు ఎక్కువైనా సరే. బక్కెట్ మాత్రం పెద్దది, అది మాకు కలిసొచ్చింది. రాయిని దారంతో చిన్న వేలాడే త్రాసుకు కట్టి తూచాం. గాలిలో 92 గ్రాములు, బక్కెట్ నీటిలో మునిగాక 61. తేడా 31. 92ను 31తో భాగిస్తే దాదాపు 2.97, అంటే అంతే పరిమాణం నీటికంటే రాయి అన్ని రెట్లు బరువు. పలుగురాయి 2.65, సున్నపురాయిలోని కాల్సైట్ 2.71, ఫ్లోరైట్ 3.18. క్రయొలైట్‌ది సరిగ్గా 2.97. మేనల్లుడు లెక్క మూడుసార్లు చేశాడు.

ఎగ్మోర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, అందుకే శనివారం పెట్టుకున్నాం. 1851లో ఆ మ్యూజియం మొదలైందే రాళ్ల నమూనాలతో. అందరూ కంచు విగ్రహాల వైపు వెళతారు. భూగర్భ విభాగంలో మాకు తీరిగ్గా నిలబడే చోటు దొరికింది. మెరుపులో తేడా కంటికి అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు చెన్నైలో నేను చూడలేదు. కానీ అద్దం వెనుక రాయి బరువు చేతికి తెలియదు, గీత పెట్టనివ్వరు. సగం పాఠమే అక్కడ.

మిగతా సగానికి మెట్రోలో చివరి స్టేషను సెయింట్ థామస్ మౌంట్‌కు వెళ్లాం. తమిళులు పరంగిమలై అంటారు. ఆ కొండరాయి చార్నొకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి పలక ఈ రకం రాయే కాబట్టి ఆ పేరు. జాతీయ భూగర్భ స్మారకం అది, సుత్తి తీయకూడదు, మేమూ తీయలేదు. మెట్లెక్కి విమానాలు దిగడం చూసి కిందికొచ్చాం.

అసలు పరీక్ష కింద టీ కొట్టు బల్ల మీద జరిగింది. రాగి నాణెంతో గీస్తే మా రాయి మీద సన్నని గీత పడింది. ఫ్లోరైట్ అయితే పడదు. పొడి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేశాం, నురగ రాలేదు, కాల్సైట్ కాదన్నమాట. ఇంతకంటే ఘాటైన ఆమ్లం జోలికి ఎవరూ పోవద్దు. ఫ్లోరైడ్ రాయి మీద గంధకామ్లం పడితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, అది ఎముక దాకా దిగుతుంది. నాలుక మీద పెట్టి రుచి చూసే అలవాటూ ఇక్కడ వద్దు.

తర్వాత గ్లాసు నిండా నీళ్లు పోసి, గోరంత పెచ్చును వేశాను. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, వక్రీభవన గుణకం, క్రయొలైట్‌కు 1.338, నీటికి 1.333. కాంతికి రెండూ దాదాపు ఒకటే. పెచ్చు అంచులు ముందు పలచబడ్డాయి, తర్వాత కనిపించలేదు. దానిలో ఉన్న గోధుమరంగు నలుసులు రెండు మాత్రం నీళ్ల అడుగున, దేన్నీ అంటుకోనట్టు నిలబడ్డాయి. పక్కనే వేసిన పలుగురాయి ముక్క తెల్లగా స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. కొట్టు పెద్దాయన నెల్లూరు వారు. వంగి చూసి, "కరిగిపోయిందా అమ్మా?" అన్నారు. పుల్లతో తీసి చూపించాను. మేనల్లుడు నవ్వడం కూడా మరిచిపోయాడు. ఆ గ్లాసులో మళ్లీ ఎవరూ తాగకూడదని వెల ఇచ్చి మేమే తెచ్చేసుకున్నాం.

రాత్రి కొత్త చీటీ రాస్తూ "ఇవిగ్‌టుట్, గ్రీన్‌లాండ్" అని వేయబోయాడు. ఈ ఖనిజం పెద్ద ఎత్తున దొరికిన గని ప్రపంచంలో అదొక్కటే, 1987లో మూతపడింది. ఎక్కువగా అల్యూమినియం తయారీలో వాడడానికే దాన్ని తవ్వేశారు. ఆ గోధుమ నలుసులు సిడరైట్ అనే ఇనుప ఖనిజం కావచ్చు, అక్కడి రాళ్లలో అది మామూలే. అయినా మేం పరీక్షించింది రాయిని, అది వచ్చిన దారిని కాదు. ఆపాను. వాడు కాసేపు ఆలోచించి, "క్రయొలైట్" అని రాసి, దొరికిన చోటు దగ్గర ఖాళీ వదిలాడు.