షుగర్ చూడక ప్రాణం మీదికి తెస్తే: పోలీసులా, కౌన్సిలా, కమిషనా?

ఇలాంటి కేసు ఒకటి అనుకుందాం. ఆపరేషన్ ఉందని రాత్రి నుంచి పేషెంటుకు ఏమీ పెట్టలేదు. పొద్దున ఆరింటికి షుగర్ 118. అయినా రోజూ ఇచ్చే ఇన్సులిన్ డోసు తగ్గించకుండా ఇచ్చేశారు. ఆపరేషన్ వాయిదా పడింది. మళ్లీ వేలికి సూది గుచ్చింది పదకొండింటికి, అదీ మనిషి పలకడం లేదని ఇంటివాళ్లు అరిచాక. రీడింగ్ 34, ప్రాణం మీదికి వచ్చేంత తక్కువ.

కోపంలో అందరూ ముందు వెళ్లేది పోలీస్ స్టేషన్‌కే. నన్నడిగితే అది ఆఖరి దారి. మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోర నిర్లక్ష్యం ఉంటేనే డాక్టరుపై క్రిమినల్ కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. దానికి ముందు మరో డాక్టరు అభిప్రాయం కూడా కావాలి. ప్రాణం పోయి, నేరం రుజువైతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 106 సెక్షన్ కింద డాక్టరుకు రెండేళ్ల వరకు జైలు. పరిహారం మీద మాత్రం ఆశ పెట్టుకోలేం.

రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ హెచ్చరించగలదు, రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయగలదు. పైసా ఇప్పించలేదు. విచారించేదీ తోటి డాక్టర్లే. 'ఈయన ఇంకొకరికి ఇలా చేయకూడదు' అన్నదే మీ పట్టుదలైతే అక్కడికే వెళ్లండి. కానీ షుగర్ కేసుల్లో చాలాసార్లు తప్పు ఒక్క డాక్టరుది కాదు. డ్యూటీ మారేటప్పుడు ఒకరు చెప్పరు, ఇంకొకరు అడగరు. ఆసుపత్రి మీద గానీ, నర్సుల మీద గానీ కౌన్సిల్‌కు అధికారం లేదు.

అందుకే నా ఓటు వినియోగదారుల కమిషన్‌కు. సిబ్బంది తప్పుకు అక్కడ ఆసుపత్రి యాజమాన్యమే జవాబు చెప్పాలి. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజే లేదు. కట్టింది 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ప్రతి కేసుకూ నిపుణుల సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది హైదరాబాద్ కేసులోనే. మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన వ్యవహారం అది. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రి మాత్రం ఈ కమిషన్ పరిధిలోకి రాదు.

ఎక్కడికి వెళ్లినా కేసును నిలబెట్టేది జీఆర్‌బీఎస్ చార్టే, అంటే వార్డులో వేలికి గుచ్చి చూసిన షుగర్ రాసే కాగితం. ఎన్నింటికి ఎంత షుగర్, ఎన్ని యూనిట్లు ఇచ్చారు అన్నీ అందులో ఉంటాయి. పై కేసులో ఆరింటికీ పదకొండింటికీ మధ్య ఖాళీ గళ్లే సాక్ష్యం. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా మొత్తం కేస్ షీటు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. ఆలస్యం చేస్తే గళ్లు నిండిపోయే ప్రమాదం లేకపోలేదు!

క్లినిక్‌లో ఏళ్ల తరబడి మందులు రాస్తూ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), కంటి రెటీనా పరీక్ష రాయని డాక్టరు మీద కేసు ఇంత సులువు కాదు. 'రమ్మంటే రాలేదు, పథ్యం చేయలేదు' అంటారు. పాత చీటీలన్నీ తేదీల వారీగా దాచి ఉంటేనే కమిషన్‌కు వెళ్లండి.

కౌన్సిల్‌లోనూ కమిషన్‌లోనూ ఒకేసారి ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ తేల్చేదాకా ఆగుదామని మాత్రం కూర్చోవద్దు, కమిషన్‌కు గడువు రెండేళ్లే.