దేశాలవారీ ఎమర్జెన్సీ మెడిసిన్ పరిశోధన లెక్కలకు పబ్‌మెడ్: వాడకం, లోపాలు

ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఫలానా దేశం నుంచి ఏటా ఎన్ని పేపర్లు వస్తున్నాయో చూడాలంటే చాలామంది ముందు తెరిచేది వైద్య పేపర్లు వెతికే సైటు పబ్‌మెడ్‌నే. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. ఫలితాల పక్కనే ఏడాదివారీ గ్రాఫ్ కనిపిస్తుంది, దాన్ని సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) దింపుకోవచ్చు. పేపరు వెతకడానికి ఇంతకంటే మంచి ఉచిత సాధనం లేదు. పోకడలు కొలవడానికి మాత్రం ఆచితూచి వాడాలి.

అసలు చిక్కంతా రచయితల చిరునామా దగ్గరే. దేశం పేరుకు ఏడీ ట్యాగ్ (ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు, [AD]) తగిలిస్తే ఆ చిరునామాలో వెతుకుతుంది. (పీఎల్ ట్యాగ్ పెడితే జర్నల్ వెలువడే దేశం వస్తుంది, రచయితల దేశం కాదు.) 1988కి ముందు రికార్డుల్లో చిరునామాలు ఎక్కించనే లేదు. 1988 నుంచి 2013 దాకా మొదటి రచయితది ఒక్కటే ఉండేది. 2014 నుంచి అందరివీ వస్తున్నాయి. విదేశీ బృందంలో నాలుగో పేరుగా ఉన్నవాళ్లు కూడా అప్పటినుంచే తమ దేశం ఖాతాలో పడుతున్నారు. అందుకే 2014 దగ్గర గీత ఎగబాకితే 'పరిశోధన పుంజుకుంది' అని రాసెయ్యకూడదు. గీతను అక్కడ తెంచి రెండు ముక్కలుగా చూపాలి. లేదంటే ఈ-యుటిలిటీస్ (ప్రోగ్రాముతో పబ్‌మెడ్ డేటా లాగే సాధనాలు) ద్వారా రికార్డులను ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా తెచ్చుకుని అన్నేళ్లకూ మొదటి రచయిత చిరునామానే లెక్కించాలి. శ్రమైనా రెండోదే మేలు.

దేశాల పేర్లతోనూ తంటాలే. మెక్సికో అని కొడితే అమెరికాలోని న్యూ మెక్సికో వచ్చిపడుతుంది. జార్జియా దేశమూ ఉంది, రాష్ట్రమూ ఉంది. టర్కీకి తుర్కియే రూపం కూడా చేర్చకపోతే ఈమధ్య పేపర్లు జారిపోతాయి. కనీసం వంద రికార్డులు కళ్లతో చూడనిదే ఏ వెతుకులాటనూ నమ్మకండి.

విషయానికి 'ఎమర్జెన్సీ మెడిసిన్' అనే మెష్ పదం (పేపరు దేని గురించో చెబుతూ రికార్డుకు తగిలించే సూచిక పదం) ఒక్కటీ చాలదు. ఆస్పత్రి క్యాజువాలిటీ మీద పని చాలావరకు 'ఎమర్జెన్సీ సర్వీస్, హాస్పిటల్' కింద ఉంటుంది. దానికి పైనున్న 'ఎమర్జెన్సీ మెడికల్ సర్వీసెస్' పెడితే అంబులెన్స్ సేవలతోపాటు పాయిజన్ కంట్రోల్ సెంటర్లూ కలిసొస్తాయి. మెష్ తగలని రికార్డులూ బోలెడు, కాబట్టి శీర్షికలో, సారాంశంలో వెతికే పదాలు కూడా కలపాలి. జర్నళ్లవారీగా వెళ్తే పాత పేర్లు మర్చిపోవద్దు: ఆనల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ 1979 దాకా జేఏసీఈపీ పేరుతో వచ్చింది.

గ్రాఫులో మరో తిరకాసుంది. నవంబరులో ఆన్‌లైన్‌లో, జనవరిలో అచ్చులో వచ్చిన పేపరును అది రెండేళ్లలోనూ లెక్కేస్తుంది. అందుకే ఏడాదుల మొత్తం, పైన చూపే ఫలితాల సంఖ్య సరిపోలవు. ఏదో ఒక తేదీకే కట్టుబడి మీరే లెక్కించుకోండి. ఒకసారికి 10,000 రికార్డులకు మించి దింపుకోనివ్వదు. పెద్ద దేశాలకు ఏడాదులు విడగొట్టక తప్పదు.

ఇంత ఓపిక లేనివాళ్లకు స్కిమాగో అనే ర్యాంకింగుల సైటు ఉంది. స్కోపస్ అనే మరో పేపర్ల డేటాబేస్ లెక్కలతో 1996 నుంచి దేశాల పట్టిక ఇస్తుంది, ఎమర్జెన్సీ మెడిసిన్‌కు విడి వర్గమూ ఉంది, సైటేషన్లూ దొరుకుతాయి. కాకపోతే ఆ వర్గం జర్నల్‌ది, పేపరుది కాదు. క్యాజువాలిటీ డాక్టరు సెప్సిస్ మీద రాసింది జనరల్ మెడిసిన్ జర్నల్లో వస్తే అక్కడ కనబడదు.

ఏది వాడినా కేస్ రిపోర్టులు, లేఖలు, ట్రయల్స్ వేటికవి విడదీయండి. ఆ దేశపు మొత్తం వైద్య పేపర్లలో ఎమర్జెన్సీ మెడిసిన్ వాటా ఎంతో కూడా పక్కన వేయండి. మొత్తమే రెట్టింపైతే ఇదీ రెట్టింపవడంలో వింతేముంది?