పత్తి షెడ్డు లాంటి డాన్సు హాలు: టెక్సస్ 'గ్రీన్'లో రెండు పూటలు

రాసేది జర్మన్ ఇంటిపేరు (Gruene), పలికేది మాత్రం 'గ్రీన్'. ఆ సంగతి తెలియక దారంతా 'గ్రూనె' అంటూనే వెళ్ళాం. ఆస్టిన్ నుంచి ఐ-35 హైవే మీద దక్షిణంగా సుమారు గంట ప్రయాణం. ఇప్పుడు న్యూ బ్రాన్‌ఫెల్స్ ఊళ్ళో కలిసిపోయిన చిన్న పేట ఇది, పేరంతా ఇక్కడి పాత డాన్సు హాలుది. గుంటూరు నుంచి వచ్చిన నాన్నకి రెండు నెలలుగా మాల్స్ తప్ప ఏమీ చూపించలేదన్న బాధతో బయల్దేరదీశాను.

శనివారం రాత్రి వెళ్ళడం నా పొరపాటు. పార్కింగ్‌కే అరగంట తిరిగాం. లోపల జనం, పాట, టోపీలు తప్ప హాలన్నది కనబడితేగా! పది నిమిషాల్లో బయటపడ్డాం. సోమవారం సెలవు పెట్టి మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాం. అప్పుడే అసలు హాలు చూశాం.

గుమ్మంలో అడుగుపెట్టగానే నాన్న అన్న మాట: "ఇదేంట్రా, మన జిన్నింగు మిల్లు షెడ్డులా ఉంది!"

నవ్వాను గానీ, ఆయన అన్నదాంట్లో నిజముంది. 1840ల్లో టెక్సస్ చేరిన జర్మన్ వలస కుటుంబాల్లో గ్రీన్‌లదీ ఒకటి. ఆ ఇంటి కొడుకు హెన్రీ ఇక్కడ పత్తి వేయించి, పంటలో వాటాకి సాగుచేసే కుటుంబాలను తెచ్చి పెట్టుకున్నాడు. గ్వాడలూపే నది నీళ్ళతో తిరిగే జిన్ను (పత్తి నుంచి గింజలు తీసే మిల్లు), సరుకుల కొట్టు, 1878లో ఈ హాలు, అన్నీ ఆయనవే. "అంటే ఇచ్చిన డబ్బు మళ్ళీ ఆయన దగ్గరికే చేరేదన్నమాట" అన్నాడు నాన్న.

కట్టడంలో ఆడంబరమే లేదు. సుమారు 6,000 చదరపు అడుగుల చెక్క హాలు, పైన ఏటవాలుగా లేచిన రేకుల కప్పు. ముందువైపు బార్, చివర చిన్న వేదిక. పక్క గోడలకి పైకెత్తే చెక్క రెక్కలు. వాటిని ఎత్తితే గాలి అడ్డంగా దూసుకెళ్తుంది, వేడి ఎత్తైన కప్పు కిందికి చేరుతుంది. ఏసీ ఇప్పటికీ లేదు. మే నెలలోనే మాకు చెమటలు కారాయి, ఆగస్టులో పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి. గోడల మీద 1930ల, 40ల నాటి దుకాణాల ప్రకటన బోర్డులు అలాగే ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చినవి అవే.

1920ల్లో ముక్కుపురుగు పత్తిని తినేసింది, వెనకే ఆర్థిక మాంద్యం వచ్చింది. ఊరు ఖాళీ అయినా హాలు మూతపడలేదు. టెక్సస్‌లో ఆగకుండా నడుస్తున్న అతి పాత డాన్సు హాలు తమదే అని వీళ్ళు చెప్పుకునేది అందుకే. 1974లో నదిలో పడవ మీద వెళ్తూ ఊరి నీళ్ళ ట్యాంకు చూసి ఆగిన ఆర్కిటెక్చర్ విద్యార్థి చిప్ కాఫ్‌మన్, ఇళ్ళు కూలగొట్టి కొత్తవి కట్టబోతుంటే అడ్డుపడ్డాడు. మరుసటి ఏడు హాలు కొన్న పాట్ మోలాక్ కూడా రంగులు, హంగులు అద్దకుండా వదిలేశాడు. కంట్రీ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ పేరు రాకముందు పాడింది ఇక్కడే.

ఒక తేడా గమనించాలి. చాలా జర్మన్ హాళ్ళు ఒక యజమానివి కావు, సంఘాలు కట్టుకున్నవి. ఇదే కౌంటీలోని ఆన్‌హాల్ట్ హాలు వెనకున్న రైతు సంఘం 1875లో పశువుల దొంగతనాలు ఆపడానికి మొదలైంది. అలాంటి చోట్లకి పిల్లాజెల్లాతో సహా వెళ్ళేవాళ్ళు, పిల్లలు దుప్పట్ల మీద నిద్రపోతే పెద్దలు తెల్లారేదాకా నాట్యమాడేవాళ్ళు. మన జాతరల్లో చాపేసుకుని నాటకం చూసినట్టే.

బస సంగతి. నది పక్కన హెన్రీ గ్రీన్ ఇల్లే ఇప్పుడు ఇన్, అంటే చిన్న హోటల్. మా బడ్జెట్‌కి అందలేదు. హైవే పక్క మోటెల్లో రాత్రంతా లారీల హోరు, నాన్నకి కునుకు లేదు. కాస్త ఎక్కువ పెట్టినా ఊళ్ళోనే దిగండి. తిండికి పాత జిన్ను శిథిలాల్లో నది పైకి చూస్తూ కూర్చునే గ్రిస్ట్‌మిల్ రెస్టారెంట్ ఉంది, ఆ కూర్చునే చోటు కోసమైనా వెళ్ళొచ్చు. శాకాహారి నాన్న కోసం నేను ముందుజాగ్రత్తగా పులిహోర కట్టుకెళ్ళాను.

తిరుగు దారిలో టెక్సస్‌లోనే ఉన్న బెల్విల్ అనే ఊరి పేరెత్తాను: అక్కడి జర్మన్ వ్యాయామ సంఘం 'టర్న్‌ఫెరైన్' వాళ్ళ 1897 నాటి హాలు, పన్నెండు పలకల గుండ్రని షెడ్డు. "మధ్యలో స్తంభం ఉంటుందా?" అని అడిగాడు నాన్న. ఫోటోలు తీసి చూపించాను. వచ్చే శనివారానికి బండిలో పెట్రోలు పోయించమన్నాడు.