పాత ఒపినెల్, పాత లాయోల్: సేకరణకు ఏది మేలు?

తయారీ ఆగిపోయిన ఫ్రెంచి మడత చాకులు సేకరించాలనుకునేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే. మొదటి డబ్బు ఒపినెల్ మీద పెట్టాలా, లాయోల్ మీద పెట్టాలా? (ఒపినెల్ ఒక కంపెనీ చాకు, లాయోల్ ఒక ఫ్రెంచి పల్లె పేరుతో వచ్చిన చాకు తీరు. రాసేటప్పుడు ‘లగ్యోల్’లా కనిపించినా ఆ ఊరివాళ్లు లాయోల్ అనే పలుకుతారు.) అందం వరకైతే లాయోల్‌దే పైచేయి. వంపు తిరిగిన కొమ్ము పిడి, స్ప్రింగు తల మీద తేనెటీగ, సన్నగా సాగిన అలుగు (బ్లేడు), వీటి పక్కన ఒపినెల్ చెక్క పిడి చాలా సాదాగా కనిపిస్తుంది. చేతిపని ఎక్కువ కాబట్టి పాత లాయోల్‌లో ఏ రెండూ ఒకలా ఉండవు. ఆ ఆకర్షణను తక్కువ చేయలేం.

అయినా సేకరణ దగ్గరికి వచ్చేసరికి నేను అన్నిటికన్నా ముందు చూసేది వేరు. చేతిలో ఉన్న చాకు ఎప్పటిది, ఎవరు చేశారు, ఎంత అరిగింది అన్న మూడు సంగతులూ ఆ చాకే చెప్పాలి. అమ్మేవాళ్లు చెప్పే ‘మా తాతగారిది’ అనే మాటకు విలువ కట్టలేం. ఈ పరీక్షలో ఒపినెల్ తేలిగ్గా నెగ్గుతుంది, లాయోల్ చాలాసార్లు తడబడుతుంది.

ఒపినెల్‌లో మొదట చూడాల్సింది ఉంగరం. 1890లో జోసెఫ్ ఒపినెల్ ఫ్రాన్సులోని సవ్వా ప్రాంతంలో మొదలుపెట్టినప్పటి నుంచి 1955 దాకా ఈ చాకులో భాగాలు నాలుగే: పిడి, అలుగు, రివిట్, పిడి కొసకు తొడిగిన పొన్ను. 1955లో మార్సెల్ ఒపినెల్ ఆ పొన్ను మీద తిరిగే తాళపు ఉంగరం పెట్టాడు. అదే విరోబ్లాక్. 2000 వరకు ఆ ఉంగరం తెరిచిన అలుగును మాత్రమే పట్టి ఉంచేది. 2000లో మార్చాక, మూసినప్పుడు కూడా బిగుస్తుంది. అందుకే చాకు మూసి ఉంగరం తిప్పండి. బిగిసిందంటే ఆ ఉంగరం 2000 తరవాతిది. ఫొటోలు చూసి కొనేటప్పుడు, మూసిన చాకు మీద ఉంగరం తిప్పుతూ పది సెకన్ల వీడియో తీసి పంపమని అడగండి. ఎన్ని ఫొటోలున్నా ఆ వీడియో చెప్పేంత చెప్పవు.

ఇక్కడ మూడు చోట్ల మోసపోతారు. మొదటిది, ఒపినెల్ చాకులకు సైజును బట్టి నంబర్లుంటాయి, వాటిలో 2 నుంచి 5 వరకు ఉన్న చిన్న నంబర్లకు ఈనాటికీ ఉంగరం ఉండదు. కాబట్టి ఉంగరం లేని 4వ నంబరు చూపించి ‘1955కు ముందుది’ అంటే నమ్మకండి. ఉంగరాన్ని బట్టి కాలం చెప్పడం 6, ఆపై నంబర్లకే చెల్లుతుంది. రెండోది, పెద్ద నంబరు చాకు నుంచి ఉంగరం తీసేసి పాతదిగా అమ్మడం. సర్‌క్లిప్ ప్లయర్‌తో (ఉంగరాలను వెడల్పు చేసే పట్టకారు) కాస్త విప్పితే ఉంగరం ఊడి వచ్చేస్తుంది, నిమిషం పని. అలాంటి దానిలో పొన్ను చుట్టూ గుండ్రంగా సన్నని గీతలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఉంగరం తిరిగి తిరిగి పడ్డ గీతలవి. పుట్టుకతోనే ఉంగరం లేని చాకు పొన్ను మీద గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి, వలయంలా ఉండవు. మూడోది, పాత పిడికి కొత్త ఉంగరం తొడగడం. పిడి నల్లబడి, పొన్ను మసకబారి ఉండగా ఉంగరం ఒక్కటే తళతళలాడుతుంటే, మూసి తిప్పి చూస్తే గుట్టు బయటపడుతుంది.

రెండో సాక్ష్యం అలుగు మీది ముద్ర. కిరీటం కింద దీవించే చెయ్యి. ఫ్రాన్సులో ప్రతి కత్తుల పనివాడూ తన సరుకు మీద గుర్తు వేయాలని 1565లో తొమ్మిదో చార్లెస్ రాజు ఆజ్ఞ. ఆ సంప్రదాయంలోనే జోసెఫ్ ఒపినెల్ 1909లో ఈ గుర్తు నమోదు చేశాడు. చెయ్యి సాఁ-జాఁ-ద-మోరియెన్ పట్టణ చిహ్నం నుంచి, కిరీటం సవ్వా ఒకప్పుడు డ్యూకుల రాజ్యమన్న గుర్తు నుంచి వచ్చాయి. కంసాలులు వాడే 10 రెట్ల భూతద్దం కింద ఈ ముద్ర చూడండి. కిరీటం మొనలు, వేళ్ల మధ్య సందులు విడివిడిగా కనిపించాలి. తుప్పు దాచడానికి అలుగును బఫింగ్ చక్రం మీద పెడితే మొదట చెరిగిపోయేవి అవే. వేళ్లు కలిసిపోయి ముద్దగా కనిపిస్తే, అలుగు ఎంత మెరుస్తున్నా ధర సగానికి తగ్గించి అడగండి. ముద్రకూ అంచుకూ మధ్య ఎంత ఎడం ఉందో కూడా చూడాలి. అదే నంబరు అరగని చాకు పక్కన పెట్టి పోలిస్తే, ఎంత ఉక్కు సానరాయికి పోయిందో కంటికే తెలుస్తుంది.

మూడోది కొలత. ఒపినెల్‌కు ఉన్న గొప్ప సౌకర్యం ఇది, నంబరు తెలిస్తే పొడవు తెలిసినట్టే. 6వ నంబరు అలుగు 7 సెంటీమీటర్లు, 8వది 8.5, 9వది 9, 10వది 10, 12వది 12. వెర్నియర్ క్యాలిపర్‌తో పొన్ను నుంచి మొన దాకా కొలవండి. 1, 2 మిల్లీమీటర్లు తగ్గితే వాడకం అనుకోవచ్చు. 5 మిల్లీమీటర్లు తగ్గిందంటే మొన విరిగి, మళ్లీ నూరి ఆకారం తెచ్చారని అర్థం. అంచు మొదట్లో, పొన్నుకు దగ్గరగా, గుంట పడి ఉంటే సానపట్టినవాళ్లు అక్కడ రాయి నొక్కిపెట్టారని అర్థం. అది సరిదిద్దాలంటే అలుగు మొత్తం సన్నబడుతుంది, అందుకని అలాంటిది వదిలేయడమే మంచిది.

నంబర్ల మాట వచ్చింది కాబట్టి, 1897లో 1 నుంచి 12 దాకా నంబర్లు వచ్చాయి. వాటిలో 1, 11 నంబర్లు 1930లలో ఆగిపోయాయి. ఒకటి మరీ చిన్నది, పదకొండు అటు పదికీ ఇటు పన్నెండుకూ మరీ దగ్గర. అందరి కన్నూ వీటి మీదే, అందుకే నకిలీల బెడదా వీటికే ఎక్కువ. ఇరవై మామూలు ఒపినెల్‌లు చేత్తో పట్టి చూడకముందు వీటి జోలికి పోవద్దు.

ఇక లాయోల్. అవేరోన్ కొండల్లోని ఆ పల్లెలో 1829 ప్రాంతంలో ఈ చాకు పుట్టిందని, పియేర్-జాఁ కాల్మెల్ పేరుతో చెబుతారు. చిక్కల్లా ఆ తరవాతే మొదలైంది. లాయోల్ అన్నది ఒక కంపెనీ కాదు, ఒక చాకు తీరు. ఊరి పేరు చాలాకాలం ఎవరి సొత్తూ కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత పల్లెలో పని దాదాపు ఆగిపోయి, త్యేర్ పట్టణానికి తరలింది. ఊళ్లో మళ్లీ పెద్ద ఎత్తున పని మొదలైంది 1987లో, ఫోర్జ్ ద లాయోల్ వచ్చాకే. (ఆ కర్మాగారం కప్పు మీద 18 మీటర్ల అలుగు ఆకాశంలోకి నిలబడి ఉంటుంది, ఫిలిప్ స్టార్క్ రూపకల్పన.) కాబట్టి 1950ల నాటి చాకు మీద ‘లాయోల్’ అని కొట్టి ఉంటే అది త్యేర్‌లో తయారైందనుకోవడమే సబబు. అది లోపమేమీ కాదు, త్యేర్‌లో తరతరాల పనివాళ్లున్నారు. కాకపోతే ఆ అక్షరాలు తయారీదారుణ్ణి చెప్పవు, కాలాన్ని చెప్పవు. అంతకు మించి, ఇతర దేశాల్లో చవగ్గా చేసిన చాకుల మీదా అవే అక్షరాలు, అదే తేనెటీగ.

కొన్ని ఆనవాళ్లు మాత్రం పనికొస్తాయి. కార్క్‌స్క్రూ (సీసా బిరడా లాగే మర) 1880లో వచ్చింది, దాంతో ఉన్న చాకును ‘1850 నాటిది’ అంటే అబద్ధం. తేనెటీగను నెపోలియన్ బహూకరించాడనే కథ చెప్పి ధర పెంచేవాళ్లున్నారు. నెపోలియన్ చనిపోయింది 1821లో, ఈ చాకు పుట్టకముందే. తేనెటీగ 20వ శతాబ్దపు మొదటి రోజుల అలంకారం. తేనెటీగ కింద స్ప్రింగుతో కలిసే చోట సన్నని గీత కనిపిస్తే అతికించింది, గీత లేకుండా ఒకే ఉక్కులోంచి లేచినట్టుంటే కొట్టి చేసింది. అతికించినంత మాత్రాన నకిలీ కాదు, మంచి చాకులకూ అతికించారు. కొట్టి చేసినదానికి ఎక్కువ ఇవ్వొచ్చు, అంతే.

అలుగును వెలుతురుకు ఎదురుగా పట్టి అంచు వెంట చూడండి. మధ్యలో చిన్న నొక్కు కనిపిస్తే, చాకును టప్పున మూస్తూ వచ్చారని తెలుస్తుంది. లాయోల్‌ను చేత్తో ఆపుతూ మెల్లగా మూయాలి. వదిలేస్తే అంచు వెళ్లి స్ప్రింగుకు తగులుతుంది. ఆ నొక్కు పోవాలంటే అంచు అంతా ఆ లోతుకు నూరాలి. కొమ్ము పిడిలో పగుళ్లు పిన్నుల దగ్గర మొదలవుతాయి. పగులు పిన్ను నుంచి పిడి అంచు దాకా పాకితే ఆగదు. దంతం పిడి ఉన్నదాన్ని ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు. ఏనుగు దంతం మన దేశంలోకి తేవడం చట్టరీత్యా నేరం, కస్టమ్స్‌లో పట్టుబడితే చాకుతో పోదు.

మన వాతావరణం కూడా లెక్కలో ఉంచుకోవాలి. పాత చాకుల్లో ఎక్కువ కార్బన్ ఉక్కువే. విశాఖ, కాకినాడ గాలిలో నూనె రాయకుండా వదిలేస్తే వారంలో ఎర్ర చుక్కలు లేస్తాయి. ఇక్కడ ఒపినెల్‌కు ఒక బలహీనత ఉంది. వానాకాలంలో పిడిలోని బీచ్ (beech) అనే చెట్టు చెక్క ఉబ్బి అలుగును గాడిలో పట్టేస్తుంది. గోటితో లాగి గోరు విరుచుకోవద్దు. ఉంగరంలోని సందు పిడి గాడికి ఎదురుగా వచ్చేలా తిప్పి, పిడి అడుగు మూలను బల్ల మీద రెండుసార్లు కొడితే మొన పైకి వస్తుంది. సవ్వావాళ్ల పాత పద్ధతి ఇదే. ఆ తరవాత సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో నాలుగు రోజులు ఉంచితే వదులవుతుంది. గాడిని గరుకు కాగితంతో రుద్దకండి, సేకరణ విలువ అక్కడితో పోతుంది. లాయోల్ కొమ్ముకు బెడద దీనికి తిరగేసింది. ఏసీ గదిలో ఎండిపోయి పగులుతుంది.

తుప్పు తీయడానికి మనవాళ్ల చెయ్యి ఇత్తడి సామాన్లకు అలవాటై చింతపండు వైపు వెళ్తుంది. వద్దు. చింతపండు పులుపు తుప్పుతో పాటు ఉక్కునూ తింటుంది, ముద్ర మసకబారుతుంది. 0000 నంబరు స్టీల్ ఊల్‌కు (అతి సన్నని ఉక్కు పీచు) నూనె అద్ది ఎర్ర తుప్పు ఉన్నంత మేరే, ముద్రకు దూరంగా, రుద్దండి. బూడిద రంగు, నీలి నలుపు మచ్చ తుప్పు కాదు, వయసు. దాన్ని అలాగే ఉంచాలి. దాచేటప్పుడు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ పలచగా రాయండి. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె కొన్ని నెలలకు జిగురు కట్టి రివిట్‌ను పట్టేస్తాయి. తోలు ఒరలో దాచొద్దు, తోలులోని లవణాలు చెమ్మను పట్టి అలుగును తినేస్తాయి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. త్యేర్‌లో గాస్పార్ కోన్యే 1929లో చేసిన డూక్-డూక్‌కు ఒకే రేకు మడిచిన పిడి, దాని మీద మెలనేషియా (పసిఫిక్ దీవులు) బొమ్మ. పిడిలో ఉబ్బేది, పగిలేది లేదు, మన వానలకు సరిపోతుంది. ఎల్ బరాకా, టికీ దీని తోబుట్టువులే. వయసు తేల్చడం మాత్రం కష్టం. కోల్డ్ స్టీల్ కంపెనీ ట్విస్ట్‌మాస్టర్ ఒపినెల్ తరహా ఉంగరాన్ని నైలాన్ పిడికి తొడిగిన అమెరికా చాకు. తయారీ ఆగిపోయింది. కార్బన్ V అనే రకం ఉక్కుది దొరికితే ఒకటి తీసుకోవచ్చు, రెండోది అక్కర్లేదు. నోంట్రోన్ చాకులు బాక్స్‌వుడ్ పిడి మీద కాల్చి వేసిన చుక్కలతో ముచ్చటగా ఉంటాయి. ఇవాళ్టికీ తయారవుతున్నాయి కాబట్టి తొందరలేదు.

మొదటి ఏడాదికి నా లెక్క ఇది: మూసినప్పుడు బిగుసుకోని ఉంగరంతో కార్బన్ 8వ నంబరు ఒకటి, పొన్ను మీద వలయపు గీతలు లేని ఉంగరంలేని 8 లేదా 10 ఒకటి, పోల్చుకోవడానికి ఇప్పుడు దొరికే కొత్త 8 ఒకటి. మూడూ కలిపినా ఒక మంచి పాత లాయోల్ ధరకు చాలా తక్కువే అవుతుంది. లాయోల్ మీద మనసు పడితే, అలుగు మొదట్లో ‘లాయోల్’ అన్న మాటతో పాటు తయారీదారు పేరు కూడా స్పష్టంగా కొట్టి ఉన్నదే చూడండి. విమానంలో తెచ్చుకుంటే ఏదైనా చెక్-ఇన్ సామానులోనే, చేతి సంచిలో కాదు.