మలేసియా ప్యాకేజీ బాగుంది, బిల్లు మాత్రం చూసుకోండి

కడప ఏడు రోడ్ల దగ్గర ఒక ట్రావెల్స్‌లో మలేసియా ప్యాకేజీ తీసుకున్నాం, పేరు రాయను, 5కి 3 స్టార్లు. చెన్నై నుంచి ఫ్లైట్, హోటల్, కారు అన్నీ చెప్పినట్టే ఇచ్చారు, అమ్మకు నడక కష్టమంటే వీల్‌చెయిర్ కూడా ముందే చెప్పి పెట్టారు, అందులో వంక పెట్టడానికి లేదు.

కానీ బిల్లులో ‘వీసా సర్వీస్’ అని ఒక లైను! 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లు మలేసియాకు 30 రోజుల దాకా వీసా లేకుండానే వెళ్లొచ్చు కదన్నా, మరి ఇదేంది అని అడిగితే "డిజిటల్ అరైవల్ కార్డు సార్" అన్నాడు. ఆ కార్డంటే అక్కడ దిగేముందు మన వివరాలు ఆన్‌లైన్లో నింపే ఫారం, మలేసియా ఇమిగ్రేషన్ సైటులో ఫ్రీ. దిగడానికి 3 రోజుల ముందు నుంచి నింపొచ్చు, పాస్‌పోర్టు నంబరు, ఫ్లైటు, హోటల్ అడ్రసు కొడితే చాలు, ఫోన్లోనే అయిపోతుంది. గట్టిగా అడిగాక పెన్నుతో ఆ లైను కొట్టేసి పక్కనే కొత్త మొత్తం రాసిచ్చాడు. అడగనోళ్ల సంగతేంటో మరి.

వీసా అక్కర్లేదంటే ఏ కాగితమూ వద్దని కాదు, పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు, చేతిలో రిటర్న్ టికెట్ ఉండాలి. ఇది మాత్రం వాళ్లే గుర్తు చేశారు.